నాలుగు వేళ్ళ వదులు

బెన్‌హర్ ఎవరింటి గుమ్మంలోనైనా కనిపిస్తే, ఆ ఇంట్లోవాళ్ళు ముందు ఒకరినొకరు లెక్క చూసుకుంటారు. అందరూ ఉన్నారని తేలాక గానీ 'రండి, కూర్చోండి' అనరు.

అనకాపల్లిలో క్రైస్తవులకి శవపేటికలు చేసేది అతనొక్కడే. ఏ చర్చివాళ్ళయినా ఆఖరికి అతని కొట్టుకే రావాలి. మిగతా రోజుల్లో తలుపులు చేస్తాడు, కిటికీలు చేస్తాడు, బడి బెంచీలకి కాళ్ళు వేస్తాడు. అయినా ఊరికి అతను పెట్టెల బెన్‌హరే. అందుకే అతనికో అలవాటు పడిపోయింది. మనిషితో మాట్లాడేటప్పుడు మొహంకేసి చూస్తాడు, లేదా చెప్పులకేసి చూస్తాడు. ఆ రెండింటి మధ్యా చూపు జారనివ్వడు. జారితే, 'ఏటండీ, కొలిచేత్తన్నారా?' అంటారు. నవ్వుతూనే అంటారు. అన్నాక ఒక అడుగు వెనక్కి వేస్తారు.

అలాంటి కొట్లోకి, రెండువేల ఆరు జూన్‌లో, ఒక గురువారం మధ్యాహ్నం జాయ్స్ విసురుగా వచ్చింది. బల్ల మీది చిత్రిక పొట్టు చేత్తో పక్కకి తోసి ఒక బొమ్మ పరిచింది. ఆమె ఫిజియోథెరపిస్టు. విశాఖ నుంచి వారానికి రెండుసార్లు వచ్చి ఇక్కడి పిల్లలకి వ్యాయామం చేయిస్తుంది.

"కుర్చీ కావాలి బెన్‌హర్‌గారూ. ఏడేళ్ళ పిల్లకి. నడుం నిలవదు, పక్కకి ఒరిగిపోతుంది. అందుకని ఇదిగో, రెండు పక్కలా దన్ను. మోకాళ్ళ మధ్య ఈ దిమ్మ. నడుముకి బెల్టు, పాదాల కింద పలక, ముందు బల్ల."

బెన్‌హర్ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. పని కష్టమైనదేమీ కాదు. "ఎవరి పిల్లండీ?"

"పుష్పకుమారి కూతురు సోనీ."

అతని చేతిలోని ఉలి బల్ల మీదికి దిగిపోయింది. చర్చి వెనక సందులో మిషన్ కుట్టే పుష్పకుమారి. ఆమె భర్త పోయినప్పుడు, పెట్టె కొలతకి, ఆ ఇంటికి అతను ఒకసారి వెళ్ళాడు.

"కొలతలు మీరే రాసి ఇచ్చెయ్యండమ్మా."

"నాకు ఇప్పుడే దేవరాపల్లి క్యాంపుకి బస్సుంది. మళ్ళీ సోమవారమే రావడం. అయినా చెక్క మందం, మెత్త మందం నాకేం తెలుసు? మీరే వెళ్ళి కొలవండి." ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుని, ఆగింది. "ఆలస్యం చెయ్యకండి. పాపకి పడుకోబెట్టే అన్నం పెడుతున్నారు. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఈ ఏడాదిలోనే రెండుసార్లు న్యుమోనియా. కూర్చుంటే ఆ బెడద తగ్గుతుంది. ఇంకోటి, సోమవారం బడి. ఒక్క పీరియడు పడిపోకుండా కూర్చుంటే పేరు రాసుకుంటానని హెడ్మాస్టరుగారు మాటిచ్చారు."

"నేను వెళ్ళకూడదండీ," అన్నాడు బెన్‌హర్.

"ఎందుకు?"

అతను ఉలి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. బయట ఆటో హారన్ కొట్టింది. జాయ్స్ వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గాజుల కొట్లో కొత్త టేపు కొన్నాడు. తన కొట్లో మేకుకి వేలాడే పాత టేపు ముట్టుకోలేదు.

పుష్పకుమారి వరండాలో మిషన్ తొక్కుతోంది. పక్కన బొంత మీద సోనీ పడుకుని, కత్తిరించిన గుడ్డ ముక్కల్ని పిడికిట్లో పట్టుకోడానికి తంటాలు పడుతోంది. ఆ పిల్ల బుర్ర చెప్పింది ఒళ్ళు వినదు. చెయ్యి ఎరుపు ముక్క కోసం బయల్దేరి పచ్చ ముక్క మీద వాలింది. దానికే పకపకా నవ్వింది.

గుమ్మంలో నీడ పడగానే మిషన్ ఆగింది. పుష్పకుమారి చూపు ముందు కూతురి మీదికి పోయింది. ఆ తర్వాతే అతని మీదికి వచ్చింది.

"ఏటన్నయ్యా ఇలా వచ్చేరు?"

"కుర్చీకి చెల్లమ్మా. జాయ్స్ మేడం చెప్పేరు. పాపని కొలవాలి." జేబులోంచి టేపు తీశాడు. "కొత్తది. ఇప్పుడే కొన్నాను. ఇదిగో, చీటీ కూడా తియ్యలేదు."

"టేపు కొత్తదైతే ఏటన్నయ్యా, చెయ్యి పాతదే కదా," అందామె. గొంతు పెంచలేదు. లేచి వెళ్ళి కూతురికీ అతనికీ మధ్య నిలబడింది. "ఈ ఇంట్లోంచి ఒక కొలత పట్టుకెళ్ళేరు. చాలు. దీని కొలత నేనివ్వను. మీకు మొక్కుతాను, వెళ్ళిపోండి."

ఆమె కాళ్ళ పక్కనుంచి సోనీ తల బయటికి పెట్టి అతన్ని చూసింది. "ఆ!" అని గట్టిగా కేకేసి నవ్వింది. పలకరింపుకి పలకరింపు ఇవ్వాలి కదా. బెన్‌హర్ చూపు జారింది. తలనుంచి భుజానికి, భుజంనుంచి మోకాలికి, మోకాలినుంచి మడమకి. క్షణం కూడా పట్టలేదు. అతను గబుక్కున తల తిప్పుకుని సందు దాటేశాడు.

కానీ అప్పటికే కొలత పడిపోయింది.

* * *

పెట్టెలకి కొని ఉంచిన మామిడి చెక్క ముట్టుకోలేదు. చర్చి వెనక గదిలో విరిగిన టేకు బెంచీ ఒకటి ఉంటే పాస్టరుగారిని అడిగి తెచ్చుకున్నాడు. శుక్రవారం పొద్దున్న దాని మేకులు ఒక్కొక్కటే పీకి, పాత వార్నిష్ గీకి, చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. గోధుమరంగు పొరలు చుట్టలు చుట్టలుగా లేచి కాళ్ళ మీద పడుతున్నాయి.

పూడిమడక మరిడమ్మ అప్పటికే చేపల తట్ట దించుకుని కొట్టు ముందు సర్దుకుంది. పొద్దున్నే మొదటి బస్సుకి వస్తుంది. ఆ నీడపట్టు ఆమెకి ఖాయం. పెట్టెల కొట్టు ముందు కూర్చోడానికి ఇంకెవరూ పోటీకి రారు.

"ఏటి బావూ, సిన్న పెట్టా?"

"నోరు కడుక్కో. కుర్చీ. పుష్పకుమారి కూతురికి."

"ఆయమ్మి కొలవనిచ్చిందేటి?"

అతను చిత్రిక ఇంకాస్త జోరుగా తోశాడు.

"ఓలమ్మో!" మరిడమ్మ చేప మీది ఈగలు తోలడం మానేసింది. "కళ్ళతో కొలిచేసినావు కదూ!"

"గట్టిగా అనకు మరిడమ్మా."

"అంటే నాకేటి? మొగుణ్ణీ కొడుకునీ రోజూ సముద్రం మీదకి అంపేదాన్ని, నీ కళ్ళకి బయపడతానా? సూడు, నన్ను కూడా కొలూ. సేపలు కోసుకోడానికి ఓ పీట సెయ్యి."

అతను తలెత్తి ఒక్క చూపు చూశాడు. "నీకు పీట సరిపోదే. బల్లే కావాలి."

"నీ నోట్లో ఇసక పొయ్య!" అని తట్ట అదిరేలా నవ్వింది మరిడమ్మ. చేపల కోసం ఆగిన మనిషి లోపలున్న బెన్‌హర్‌ని చూసి ముందుకి సాగిపోయాడు. "పోతే పోనీ, బేరగాళ్ళు ఆడొక్కడేనా" అందామె.

శనివారం పొద్దుకూకేలోపు కుర్చీ నిలబడింది. మూలమట్టం పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. అంచులన్నీ గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీశాడు. స్పాంజి వేసి నీలం రెగ్జిన్ తొడిగాడు. ముందు బల్ల చుట్టూ పెన్సిల్ దొర్లిపోకుండా సన్నటి కట్టు వేశాడు. ఇన్నేళ్ళలో తను చేసిన వస్తువు చూసి తనే ఈల వేసుకోవడం అదే మొదలు.

* * *

సోమవారం సింహాచలం తన ఆటోలో కుర్చీని బడికి తెచ్చాడు. సింహాచలం సంత రోజుల్లో బెల్లం దిమ్మలు తోలతాడు. మిగిలిన రోజుల్లో దొరికిన బేరం.

"కుర్చీ సింహాసనంలాగుంది బావా," అన్నాడు దించుతూ. "నాకూ ఓటి సెయ్యరాదూ?"

"నువ్వు నా దగ్గరికి తొందరపడకు."

హెడ్మాస్టరు వరప్రసాదరావు మెట్ల దాకా ఎదురొచ్చాడు. చెడ్డవాడు కాదు. భయస్తుడు. పిల్లలు పరిగెత్తినా, వాన పడ్డా, పాత పైకప్పు కిర్రుమన్నా ముందు ఆయన గుండె జారుతుంది.

పుష్పకుమారి కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. కొత్త గౌను, రెండు జడలు. మొహానికి పౌడరు. కుర్చీని చూసింది గానీ బెన్‌హర్‌ని చూడలేదు. "కొలవకుండా చేసేరు కదా?" అని జాయ్స్‌ని అడిగింది. జాయ్స్ ఆశ్చర్యంగా బెన్‌హర్ కేసి చూసింది. అతను చెప్పులు చూసుకుంటున్నాడు.

సోనీని కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. ఒకటో తరగతి పిల్లలందరూ నేల మీంచి తలలెత్తి చూశారు. పుట్టాక ఆ పిల్ల లోకాన్ని అంత ఎత్తునుంచి, అంత నిటారుగా చూడలేదు. నల్లబల్ల వంక చూసింది. కిటికీ వంక చూసింది. నోరు తెరిచి "ఆ!" అంది. క్లాసంతా "ఆ!" అని బదులిచ్చింది.

వరప్రసాదరావు మొహంలో కూడా ఏదో వదులయింది. చాక్‌పీసు అందుకుని 'అ' రాశాడు.

'ఆ' రాయడానికి చెయ్యెత్తాడు. ఠప్పుమంది.

సోనీ నడుం సీటులో పక్కకి జరిగిపోయింది. బెల్టు ఆపలేదు, పక్క దన్ను అందలేదు. నుదురు ముందు బల్ల కట్టుకి తగిలింది. ఏడుపు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ క్షణంలోనే పుష్పకుమారి గది దాటి వచ్చేసింది.

వరప్రసాదరావు కుండలోని చల్లటి నీళ్ళు గ్లాసుతో తెచ్చి, ఆ గ్లాసునే పిల్ల నుదుటికి ఆనించి పట్టుకున్నాడు. "చూశారా? నేను చెప్పలేదూ? రేపు నేను అటు తిరిగి రాస్తుండగా ఇంతకంటే గట్టిగా తగిలితే ఎవరు పూచీ? నా వల్ల కాదమ్మా. పిల్లని ఇంట్లోనే జాగ్రత్తగా చూసుకోండి."

"ఇంకొక్క అవకాశం సార్," అంది జాయ్స్. "ఒంటికి చెక్క ఆనుకుని ఉండాలి. ఒక్క వేలు వదులున్నా జారిపోతుంది. దగ్గరుండి కొలిపించకపోవడం నా తప్పు."

ఆయన గ్లాసు ఇంకోవైపు తిప్పి ఆనించాడు. "ఈ వారం వరకూ పేర్లు రాస్తాను. ఆ పైన నన్నడక్కండి."

పుష్పకుమారి ఆ మాటలు విన్నట్టు లేదు. కూతురు భుజం మీద ఉండగానే వంగి, కుర్చీ పక్క దన్నుకీ, పిల్ల కూర్చున్నప్పుడు రెగ్జిన్ మీద పడిన నొక్కుకీ మధ్య చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ళు పట్టాయి. రెండో పక్కనా పెట్టి చూసింది. అక్కడా నాలుగు వేళ్ళే.

"ఇటు నాలుగు, అటు నాలుగు," అంది. "ఏ జాకెట్టుకీ ఇంత వదులుండదు. ఇది పొరపాటు కాదు. కావాలని వదిలిందే. దేనికొదిలేరన్నయ్యా?"

బెన్‌హర్‌కి అప్పుడు తెలిసింది. శుక్రవారం పొద్దున్న చెక్క మీద గీత గీస్తున్నప్పుడు, అడక్కుండానే తన చెయ్యి నాలుగు వేళ్ళు పక్కకి జరిగింది. ప్రతి పెట్టెకీ జరిగినట్టే.

"అలవాటు చెల్లమ్మా," అన్నాడు. "అక్కడ... బిగుతు ఉండకూడదు కదా."

ఆమె వేళ్ళు తీసేసి కొంగులో చుట్టుకుంది. మళ్ళీ అడిగింది. "ఎత్తు సరిపోయింది. మోకాలి దగ్గర సరిపోయింది. కొలవకుండా ఎలా సరిపోయింది?"

"మీ గుమ్మంలో... చూపు జారింది."

పుష్పకుమారి పిల్లని రెండు చేతులా పొదివి పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.

కుర్చీ మళ్ళీ ఆటో ఎక్కింది. "ఓ అబద్ధం ఆడేత్తే పోయేది కదా బావా," అన్నాడు సింహాచలం, ఆటో స్టాండు దాటాక.

"చెక్క చెప్పేసింది కదరా."

* * *

మంగళవారం ఎవరూ రాలేదు. కుర్చీ మూలన గోడకేసి తిరిగి ఉంది. బెన్‌హర్ చేతికి వచ్చిన పని చేసుకున్నాడు. ఎస్. రాయవరం నుంచి కబురొచ్చిన పని. బుధవారం పొద్దున్నకి పెట్టె సగమయింది.

కొట్టు ముందు ఆటో ఆగింది. మొదట మరిడమ్మ చూసింది. చూసి, చేపల తట్ట తనే పక్కకి లాగి దారి ఇచ్చింది.

పుష్పకుమారి, చంకలో సోనీ.

పిల్లతో ఆ కొట్టు గడప తొక్కిన తల్లి అంతకు ముందు లేదు. బెన్‌హర్ టార్పాలిన్ గుంజి పెట్టె మీద కప్పబోయాడు.

"కప్పకండి. అదేటో మాకు తెలుసు," అందామె. స్టూలు మీద కూర్చుని కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "రెండు రోజులు దీని నుదురు పట్టుకుని కూర్చున్నాను. జ్వరం వత్తాదేమో, దగ్గొత్తాదేమో అని. రాలేదు. అప్పుడు ఆలోచించేను. మీరు దీన్ని కొలిచింది నిన్నా మొన్నా కాదు, ఆ గురువారం. అప్పట్నించి ఏటయింది దీనికి? ఏటీ అవలేదు. మొన్న రెండు ఇడ్లీలు ఎక్కువే తింది."

"ఓ బావూ," మరిడమ్మ బయటినుంచి కేకేసింది. "అలగయితే మా మనవణ్ణి కూడా ఓ సూపు సూడు. సచ్చినోడు మెతుకు ముట్టడు!"

పుష్పకుమారికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. నవ్వు అయ్యాక మెడ చుట్టూ ఉన్న టేపు తీసింది. అంకెలు సగం చెరిగిపోయిన మిషన్ టేపు. "దీని గౌన్లన్నీ దీంతోనే కుట్టేను. దీంతో కొలవండి."

ఆమె కూతుర్ని స్టూలు మీద కూర్చోబెట్టి వెనకనుంచి చంకల కింద పట్టుకుంది. బెన్‌హర్ నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. టేపు కొస నడుము దగ్గర పెట్టగానే సోనీ కాలు కర్రలా బిగుసుకుని ముందుకి చాచుకుంది. అతను కంగారుగా చెయ్యి తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ బిగుసుకుంది. అతను కొలిచిన మనుషులెవరూ ఇంతవరకూ కదల్లేదు. కదిలే కొలత ఎలా పట్టుకోవాలో అతనికి తెలీదు.

"ఆగండి. కొత్త చెయ్యి కదా. పాటేదైనా పాడితే వదుల్తాది."

"నాకు పాటలు రావమ్మా. సమాధి పాటలే వచ్చు."

"అవి వద్దులెండి."

చివరికి చిత్రిక పొర ఒకటి తీసి సోనీ చేతికిచ్చాడు. ఆ పిల్ల దాన్ని నలిపి, విప్పి, మళ్ళీ నలిపి, తల వెనక్కి వేసి నవ్వింది. నవ్వులో కాలు మెత్తబడి కిందికి దిగింది. ఆ సందులో అతను గబగబా కొలిచాడు. తల పైకెత్తకుండా, ఒక కన్ను టేపు మీదా ఒక కన్ను నేల మీదా పెట్టి.

"సరిగ్గా చూడండన్నయ్యా," అంది పుష్పకుమారి. "సగం సగం చూత్తే మళ్ళీ వదులొత్తాది. నేనే చూడమంటన్నాను కదా."

బెన్‌హర్ తలెత్తాడు. ఆ పిల్లని చూశాడు. నుదుటి మీద తగ్గుతున్న బొప్పి, రెండు జడల రిబ్బన్లు, ఒక పక్కకి వాలిన భుజం, మోకాలి మీద దోమకాటు, గోళ్ళకి పూసిన ఎర్ర రంగు. తలనుంచి మడమ దాకా, మడమ నుంచి తల దాకా, తీరిగ్గా చూశాడు. ఈలోగా సోనీ చెయ్యి చాచి అతని చెవి వెనకున్న పెన్సిల్ లాగేసింది. ఎరుపు మీదికి వెళ్ళబోయి పచ్చ మీద వాలే చెయ్యి. ఈసారి తిన్నగానే వచ్చింది.

"ఇప్పుడు గీతలెలా గియ్యనే తల్లీ?" అన్నాడు.

కొలతలు పుష్పకుమారి పైకి చదివింది, అతను బొగ్గుముక్కతో బల్ల మీద రాశాడు. వదులు లేకుండా రాశాడు. ఆమె వంగి చూసింది.

"గౌనుకి లోపల మడత వదుల్తాను. క్రిస్మస్‌కి విప్పి పొడుగు చెయ్యడానికి. దీనికి మడతేదీ? వచ్చే ఏడాదికి ఇది పెరుగుతాది కదా?"

ఆ కొట్లో ఇంతవరకూ ఎవరూ వచ్చే ఏడాది గురించి అడగలేదు.

బెన్‌హర్ లేచి వెళ్ళి కుర్చీని గోడవైపు నుంచి ఇటు తిప్పాడు. పాదాల పలక పట్టుకుని పైకీ కిందికీ జరిపి చూశాడు. "ఇక్కడ వరసగా కన్నాలేత్తాను," అన్నాడు నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "బోల్టు విప్పి ఒక కన్నం కిందకి దించుకోవడమే. పక్క దన్నులకి కూడా అలాగే. ఒకటీ రెండేళ్ళు వత్తాది. ఆ పైన మళ్ళీ కొలవాలి."

"కొలుద్దురుగాని," అంది పుష్పకుమారి.

* * *

శుక్రవారం సోనీ మొదటి పీరియడు కూర్చుంది. మధ్యలో ఒకసారి నడుం పక్కకి జరగబోయింది. దన్ను ఆపింది. వరప్రసాదరావు నల్లబల్ల మీద రాస్తున్నంతసేపూ మెడ వెనక్కి తిప్పుకునే రాశాడు. అక్షరాలు ఏటవాలుగా పడ్డాయి. గంట కొట్టాక గానీ ఆయన ఊపిరి పూర్తిగా వదల్లేదు.

జాయ్స్ కిటికీ దగ్గర నిలబడి మొహం తుడుచుకుంది. పుష్పకుమారి కారియర్ విప్పి, కూర్చున్న కూతురికి పెరుగన్నం ముద్ద అందించింది. పిల్ల నమిలి మింగింది. పొలమారలేదు. రెండో ముద్దకి నోరు తెరిచింది.

బెన్‌హర్ గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా ఆగిపోయాడు. అలవాటు.

వరప్రసాదరావు అతన్ని చూశాడు. చూడగానే ఆయన చూపు పిల్లల మీదికి మళ్ళింది. వేలు గాలిలో ఆడిస్తూ వరస వరసా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బెన్‌హర్ తల దించుకుని చెప్పులు చూసుకున్నాడు. ఇది తనకి కొత్త కాదు.

లెక్క అయిపోయింది. హెడ్మాస్టరు హాజరు పట్టీ చూసుకుని, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఒకరు ఎక్కువొచ్చేరు," అన్నాడు.

పెన్ను మూత తీసి, పుష్పకుమారి వైపు తిరిగాడు.

"పాప పూర్తి పేరు చెప్పమ్మా."